దశాబ్దానికో తెలుగు నవల చదువుతూ వచ్చాను: కథాకాలం కుంచించుకుపోయిందా?

నీలిసిరా

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. చివర్లో రెండు ప్రశ్నలున్నాయి.

ఈ ఏడాది రీడింగ్ ఛాలెంజ్‌కి నేను అంకె పెట్టుకోలేదు. ఇన్ని పుస్తకాలని లెక్క పెట్టుకుంటే చెయ్యి సన్న పుస్తకాల మీదికే పోతుంది, లావువి అరలోనే ఉండిపోతాయి. అందుకని ఒక్కటే నియమం: తెలుగు నవలల్ని అవి పుట్టిన వరసలో చదవాలి. మొదలు వీరేశలింగం గారితో. అక్కణ్ణించి 1920లకు దూకి, ఆ తరవాత దశాబ్దానికి ఒకటి. వీటిలో కొన్ని ఇదివరకు విడివిడిగా చదివినవే. వరసలో పెట్టి చదివితే ఒకదాని మాట ఇంకోదానికి వినబడుతున్నట్టుంది.

మొదటిది ‘రాజశేఖర చరిత్రము’. 1878లో వీరేశలింగం గారి పత్రిక ‘వివేకవర్ధని’లో వచ్చిన కథ. మొదటి పేజీల్లో గ్రాంథికం అడ్డం పడింది. పైకి చదవడం మొదలుపెట్టాక దారి ఇచ్చింది. నీతులు చెప్తారేమో అనుకున్నాను, చెప్పారు కూడా. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఇల్లు. డబ్బున్నన్నాళ్లూ పొగిడేవాళ్లతో కిటకిటలాడుతుంది, డబ్బు పోయాక గుమ్మం తొక్కే మనిషి ఉండడు. బంగారం చేసిపెడతానని నమ్మించి ఉన్న బంగారాన్నే పట్టుకుపోయే బైరాగి దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఇవాళ మనకి ఫోన్లు చేసి నమ్మబలికేవాళ్ల మాటకారితనం అచ్చంగా అదే.

‘మాలపల్లి’ దగ్గర చాలా రోజులు ఉండిపోయాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండగా రాసిన నవల, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల అని తెలిసే మొదలుపెట్టాను కాబట్టి, మొదటి పేజీ నుంచే నిప్పులు కురుస్తాయనుకున్నాను. ఎదురైంది ఆ పల్లె పెద్ద రామదాసు నిదానం. కొడుకు సంగదాసుని చంపేసినా ఆయన ఆ నిదానం వదలడు. నాకు కోపం వచ్చింది. ఇంకో కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై తిరగబడ్డప్పుడు ప్రాణం లేచొచ్చింది. తీరా ఇంకొంత దూరం పోయాక మనసు మళ్లీ తండ్రి వైపు మొగ్గింది. ఉన్నవ గారు ఇద్దరిలో ఎవరినీ ఓడించలేదు. ఒకే ఇంట్లో రెండు దారుల్నీ నిలబెట్టి, రెంటికీ తగిన గౌరవం ఇచ్చారు. చర్చలు సాగుతాయి, నిజమే. కూలి, భూమి, బడి, జైలు, కులం అన్నీ ఆ చర్చల్లోనే ఉన్నాయి. దాటేస్తే నవలలో సగం పోతుంది, దయచేసి దాటేయకండి.

‘వేయిపడగలు’తో నాది గొడవ. విశ్వనాథ వారు ఏ వ్యవస్థ పోతోందని దుఃఖపడ్డారో అది పోవాల్సిందేనని నా నమ్మకం. ‘మాలపల్లి’ ముగించిన వెంటనే ఇది తెరిస్తే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. నాయకుడు ధర్మారావుతో అడుగడుగునా వాదన పెట్టుకున్నాను. అయినా కథ నడిచే సుబ్బన్నపేట క్షీణిస్తుంటే గొంతు పట్టేసింది. ఆ వేయి పడగల పాముకి ఒక్కో పడగా పోతూ పోతూ చివరికి రెండే మిగులుతాయి చూడండి, అక్కడికి వచ్చేసరికి నేనూ ఆ ఊళ్లో ముసలిదాన్ని అయిపోయాను. 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించిన పుస్తకం అంటారు. ఎంత వేగంగా పుట్టినా చదివేవాళ్లని మాత్రం తొందరపడనివ్వదు. ఒక చోటు మీద కాలం నడిచి వెళ్లడాన్ని ఇంతగా అనుభవంలోకి తెచ్చిన తెలుగు నవల నేను ఇంకోటి చదవలేదు. అభిప్రాయాలు కలవకపోయినా ఒక పుస్తకానికి ఇంత రుణపడొచ్చని నాకు తెలియజేసింది ఇదే.

నలభైల్లో ఒకటి చాల్లేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ రెండూ చదివాను. సుబ్బన్నపేటలో అంతమంది మధ్య తిరిగి వచ్చి గోపీచంద్ నాయకుడు సీతారామారావు తలలోకి అడుగుపెడితే ఊపిరాడలేదు. గోడలన్నీ దగ్గరికి జరిగాయి. ఒక సంగతి నన్ను ఇంకా వదలడం లేదు. గోపీచంద్ ఆ పుస్తకాన్ని ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రికి, త్రిపురనేని రామస్వామి చౌదరి గారికి, అంకితం ఇచ్చారు. లోపలికి వెళ్తే సీతారామారావుని లోపల్లోపల తినేసేది ఆ ‘ఎందుకు’లే. తండ్రి ఇచ్చిన ప్రశ్నని గౌరవిస్తూనే, ఆ ప్రశ్నతో బతకడం చేతకాని మనిషి ఏమవుతాడో చివరంటా చూపించాడు కొడుకు. నాకు ఆ అంకితమే నవలకు మొదటి అధ్యాయంలా అనిపించింది. ఇక ‘చివరకు మిగిలేది’ నాయకుడు దయానిధి. అతని తల్లి గురించి లోకం అనే మాటలు ఎక్కడికి వెళ్లినా అతనికంటే ముందే చేరిపోతాయి. ఆవిడ కథలో మనకి కనబడేది తక్కువ, అయినా పుస్తకమంతా ఆవిడే ఉంది. కోమలి, అమృతం, ఇందిర... వీళ్లెవరినీ అతను ఆవిడ నీడ లేకుండా చూడలేడు.

యాభైలకు ‘కాలాతీత వ్యక్తులు’. ఈ ఏడాది నాది అనిపించిన పుస్తకం ఇదే. డాక్టర్ పి. శ్రీదేవి గారు రాసిన ఒకే ఒక్క నవల. ఇందిర సంపాదించి తండ్రిని పోషిస్తుంది. మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం. అతని మిత్రుడు కృష్ణమూర్తి. నెమ్మదస్తురాలు కల్యాణి. పైకి నిబ్బరంగా కనిపించే వసుంధర. వీళ్లలో ఎవరు నాయిక, ఎవరు నాయకుడు అని రచయిత్రి తేల్చదు. ఇందిరను మెచ్చుకోమని మనల్ని బతిమాలదు, తిట్టుకోమని రెచ్చగొట్టదు. ప్రకాశం పిరికితనాన్ని కూడా అసహ్యించుకోనివ్వదు, అతని కాళ్ల కింద నేల ఎంత మెత్తనో చూపించి ఊరుకుంటుంది. ఇందిర తీసుకున్న నిర్ణయాలు అన్నీ నాకు నచ్చలేదు. కానీ ప్రతి నిర్ణయం దగ్గరా, ఆ జీతంతో, ఆ తండ్రితో, ఆ ఇంట్లో నేనైతే ఏం చేసేదాన్ని అని ఆగాల్సి వచ్చింది. 1950ల్లో ఒక డాక్టరు, కథనంలో ఇంత సమదృష్టితో ఎలా రాయగలిగిందో! అయిపోగానే మళ్లీ మొదటి పేజీకి వెళ్లాను.

అరవైలకు నవీన్ ‘అంపశయ్య’, 1969. రవి అనే యూనివర్సిటీ విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. ఎనభైలకు డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. పందుల్ని మేపుకునే ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి, ఒక రాత్రి. పేరు కూడా లేని ఆ ముసలివాడి చేతిలో ఈటె ఎటు తిరిగితే నా చూపు అటు తిరిగింది. ముగింపు చెప్పను, చదవనివాళ్లు ఉంటారు. ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, కానీ ఆ రాత్రి నిద్ర ఉండదు.

డెబ్బైలకు ఏది చదవాలో తేల్చుకోలేక ఖాళీగా వదిలాను. 1990 తరవాత ఇంకా మొదలుపెట్టలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. వరసలో చదువుతుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది: కథ నడిచే కాలం తగ్గుతూ వచ్చింది. ‘వేయిపడగలు’లో ఒక సంస్థానం ఆయుర్దాయం. ‘చివరకు మిగిలేది’లో ఒక మనిషి యౌవనం. ‘కాలాతీత వ్యక్తులు’లో కాస్త కాలం. ‘అంపశయ్య’కి వచ్చేసరికి ఒక రోజు. తరవాత ఒక రాత్రి. కాలంతోపాటు మనుషులూ తగ్గారు. మొదట ఊరంతా ఉండేది, చివరికి ఒక్క ముసలివాడు. లోతు పెరిగింది, కాదనను. కానీ ఇంటినిండా మనుషులున్న నవల కోసం బెంగగా ఉంది.

ఇది నిజంగా తెలుగు నవలకు జరిగిందా, లేక నేను ఎంచుకున్న పుస్తకాల వల్ల అలా కనబడుతోందా? డెబ్బైలకూ, 1990 తరవాతకూ ఏం చదవమంటారు? పేరు ఒక్కటే రాసి వెళ్లిపోకండి, మీకేమనిపించిందో కూడా చెప్పండి.

---

అట్టలేని పుస్తకం

నీలిసిరా గారూ, ఇలాంటి పోస్టు చదివి చాలా కాలమైంది. మీ గమనిక కొట్టిపారేసేది కాదు. కానీ దాని వెనక కాలం కంటే నాకు ముందుగా కనబడేది ఒకటుంది. ఆ నవల ఎక్కడ అచ్చు కావడానికి పుట్టింది అన్నది.

‘వేయిపడగలు’ ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ల నవలల పోటీకి వెళ్లింది. అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. పోటీకి రాసేటప్పుడు రచయితకి అడ్డు ఉండదు. ఎంత విస్తారమైనా, ఎన్ని తరాలైనా పట్టించొచ్చు. ‘కాలాతీత వ్యక్తులు’ ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. వారం వారం చదివేవాళ్లకి పోయిన సంచికలో ఎవరేం చేశారో గుర్తుండాలి. నలుగురైదుగురు మనుషులు, ఒక ఇల్లు, ప్రతి అధ్యాయానికీ ఒక కదలిక. మీరు మెచ్చుకున్న ఆ పొందిక శ్రీదేవి గారి ప్రతిభే, సందేహం లేదు. ఆ ప్రతిభకి సీరియల్ ఒక చట్రం ఇచ్చిందని నా అభిప్రాయం.

ఈ లెక్కకి లొంగని పుస్తకం ఒకటుంది, అదీ చెప్పాలి. వడ్డెర చండీదాస్ ‘అనుక్షణికం’. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి కూడా వందకు పైగా పాత్రలు. డెబ్బైల దశాబ్దం మొత్తం, ఉస్మానియా క్యాంపస్ కేంద్రంగా. ‘అంపశయ్య’లో రవి ఒక్కడి తలలోంచి చూసిన చోటునే చండీదాస్ వందమంది కళ్లతో చూపిస్తాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మొదట మనుషుల్ని గుర్తుపట్టడం కష్టంగానే ఉంటుంది. నేను కాగితం మీద పేర్లు రాసుకోవడం మానేసి, రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి వచ్చేపోయేవాళ్లని చూసినట్టు చూడ్డం మొదలుపెట్టాక ఆ నవల నాకు తెరుచుకుంది.

ఇక 1990 తరవాత సంగతి. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ల నవలల పోటీ మళ్లీ పెద్ద కాన్వాసుకి చోటు ఇచ్చిందని నేననుకుంటున్నాను. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ ఆ బహుమతి అందుకున్నదే. తరవాత 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం రాయలసీమ. రాజులూ పాళెగాళ్లూ ఉంటారు, కానీ నవల వాళ్లది కాదు. కరువుకీ కత్తికీ మధ్య బతికిన మామూలు జనానిది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ కూడా తానా నవలే. చదువుకున్న కుర్రాడు గొర్రెల మందతో నల్లమల ఎక్కి దిగేంత కాలం మాత్రమే. మీరు అడవిలో ఒక రాత్రి గడిపారు కాబట్టి దీంట్లో ఇంకొన్నాళ్లు గడపండి. కేశవరెడ్డి గారి అడవిలో మనిషి ఒంటరి. సన్నపురెడ్డి గారి అడవిలో పక్కన తండ్రి ఉన్నాడు, మంద ఉంది, తోటి కాపరుల కబుర్లున్నాయి. రెండూ అడవులే అయినా ఆ తేడాకి భయం రుచే మారిపోతుంది.

---

వేకువ పాఠకురాలు

మీ డెబ్బైల ఖాళీకి నా దగ్గర జవాబుంది, కొంచెం గట్టిగానే చెప్తాను. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’.

మీ జాబితా మళ్లీ చూడండి. అంత పొడవు జాబితాలో ఒక్క రచయిత్రి. మీకు అన్నిటికంటే దగ్గరైన పుస్తకం ఆవిడదే. మనుషులు నిండిన నవలలు ఎక్కడికి పోయాయని అడుగుతున్నారు. ఎక్కడికీ పోలేదండీ. మగ రచయితలు ఒక్కడి తలలోకి దిగి కూర్చున్న కాలంలోనే ఆడవాళ్లు తరాల కథలు రాస్తున్నారు. ‘మట్టిమనిషి’లో చేతిలో ఏమీ లేకుండా వచ్చిన తండ్రి, భూమి కూడబెట్టిన సాంబయ్య, ఆ భూమిని నిలబెట్టుకోలేని కొడుకు వెంకటపతి, ఆ తరవాత మనవడు. నేల చేతికి రావడం, చేజారడం, మళ్లీ చేయి నేలని తాకడం. ఇంతా ఒకే నవలలో. సాంబయ్య మట్టిని చూసే చూపు ఉంది చూశారూ, అలాంటి చూపు నేను ఇంకే తెలుగు నవలలోనూ చూడలేదు. ఆ మనిషికి ప్రేమించడం వచ్చు, కానీ ఆ ప్రేమంతా మట్టికే ఖర్చయిపోయింది. ఇంట్లోవాళ్లకి మిగల్లేదు. సీతాదేవి గారు ఆ రెండూ ఒకేసారి చూపిస్తారు.

ఒక్కచోట జాగ్రత్తగా చదవమని అడుగుతాను. వెంకటపతి భార్య వరూధిని. సంపద కరిగిపోవడానికి ఆవిడే కారణం అన్నట్టు చాలామంది మాట్లాడతారు. నవల కూడా ఆవిడ పట్ల కటువుగానే ఉందని నాకు అనిపిస్తుంది. పంతంతో కుదిర్చిన పెళ్లిలోకి ఆవిడని తెచ్చింది ఎవరో, ఎందుకో మర్చిపోకుండా చదవండి. అప్పుడు ఆవిడ తప్పులు తప్పులుగానే ఉంటాయి, కానీ బరువంతా ఆవిడ ఒక్కదాని నెత్తిన పడదు.

తరవాత మాలతీ చందూర్ ‘హృదయనేత్రి’. స్వాతంత్ర్యోద్యమం రోజుల నుంచి ఆ ఆశలన్నీ ఏమయ్యాయో తేలేదాకా. ఇది 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ తీసుకున్న నవల. ‘మట్టిమనిషి’ అంత బలంగా నన్ను పట్టుకోలేదు, కానీ మీరు కాలం గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి పనికొస్తుంది.

నవల కాకపోయినా ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’. తొంభై దాటిన వయసులో వచ్చిన ఆత్మకథ, 2012. ఉద్యమం, అజ్ఞాతం, భర్త దూరమవడం, ఆ తరవాత మళ్లీ చదువుకుని ఉద్యోగం చేయడం, కన్నబిడ్డలిద్దర్నీ పోగొట్టుకోవడం. ఇందులో ఏ ఒక్కటి చాలు వేరేవాళ్లకి వెయ్యి పేజీలు రాయడానికి. ఆవిడ సన్న పుస్తకంలో చెప్పారు. ఎక్కడా గొంతు పెంచరు. ఎవరి మీద ఎంత కోపం రావాలో మనకే వదిలేస్తారు. అది చదివిన వారం నేను వేరే పుస్తకం ముట్టుకోలేకపోయాను. మీ ఛాలెంజ్ నియమం ఒప్పుకోకపోతే నియమం సడలించుకోండి.

---

మార్జిన్ నోట్సు

పైన ఇద్దరూ చెప్పినవాటితో పేచీ లేదు. కానీ ‘అంపశయ్య’ని ఒక్క రోజు అని పక్కన పెట్టేయడం నాకు కష్టంగా ఉంది.

నేను ఆ నవల చదివింది హాస్టల్లో ఉండగా. రవికి గడియారం ప్రకారం ఒక్క రోజే. కానీ ఆ రోజులో అతను ఎన్నిసార్లు ఊరికి వెళ్లి వస్తాడు! డబ్బు పంపలేని ఇల్లు, వదిలి వచ్చిన మనుషులు, పక్క గదివాళ్ల దగ్గర పడే సిగ్గు, పరీక్షల దిగులు. ఊరి నుంచి మొదటిసారి యూనివర్సిటీకి వచ్చిన తరం మొత్తం ఆ ఒక్క రోజులో ఉంది. ఆ పుస్తకం పేరే రచయిత ఇంటిపేరు అయిపోయి ‘అంపశయ్య నవీన్’ అంటున్నామంటే ఊరికే కాదు. నాకు తెలిసి అంతకు ముందు తెలుగులో మాలాంటివాళ్ల తలలో నడిచే గోలని ఎవరూ అంత వివరంగా వినలేదు. రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ సుబ్బయ్య ఉన్నాడు, భయమే ఊపిరిగా బతికినవాడు. కానీ సుబ్బయ్య సంసారి, గుమాస్తా. రవి మా వయసువాడు.

కథాకాలం తగ్గిందని మీరంటున్నారు. నేనేమంటానంటే, కాలం బయటి నుంచి జ్ఞాపకంలోకి మారింది. దీనికి నా సాక్ష్యం జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’, 2000లో వచ్చింది. రూతు అనే పెద్దావిడ గుర్తు చేసుకుంటూ ఉంటుంది. అంతే. ఆ గుర్తుల్లోంచి ఎన్నెలదిన్ని అనే ఊరు వస్తుంది, ఎల్లన్న పాట వస్తుంది, సుభద్ర వస్తుంది, కరువులు, వలసలు, మతం మారడం, తిరుగుబాటు, ఇలా తరాలకు తరాలు. ఒక్క మనిషి జ్ఞాపకంలో ఇన్ని తరాలు. ‘వేయిపడగలు’ ఏ గుడి గురించి దుఃఖపడిందో ఆ గుడి గడప బయట నిలబెట్టినవాళ్ల చరిత్ర ఇది. ‘మాలపల్లి’, ‘వేయిపడగలు’, ‘అంటరాని వసంతం’ మూడూ ఒకే ఏడాదిలో చదివే అవకాశం మీకుంది. నాకు ఆ వరస తట్టలేదు. మీరు చదివి చెప్పండి, మీకేమనిపించిందో వినాలనుంది.

---

నీలిసిరా

ముగ్గురికీ ఎంతో థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. వెంటనే జవాబు రాయకుండా ‘మట్టిమనిషి’ చదివి వస్తున్నాను.

వేకువ గారూ, మీరు చెప్పిన చూపు దొరికింది. సాంబయ్య పొలం గట్టున నిలబడ్డప్పుడు ఆ మనిషి ఎంత అందంగా ఉంటాడో, ఇంట్లోకి రాగానే అంత బిగుసుకుపోతాడు. ఆ గట్టు మీది మనిషిని ఇంట్లోవాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు కదా అనిపించి నాకు చాలా బాధ కలిగింది. వరూధిని విషయంలో మీ హెచ్చరిక లేకపోతే నేనూ అందరితో కలిసి ఆవిడనే తిట్టుకుంటూ ముగించేదాన్ని. చదువుతూ ఒకటి గమనించాను. ఇందిరకి శ్రీదేవి గారు ఇచ్చిన మాట వరూధినికి సీతాదేవి గారు ఇవ్వలేదు. ఇందిర తను చేసే పనికి తన నోటితో కారణం చెప్పగలదు. వరూధిని చేసే పనులు మనకి కనబడతాయి, ఆవిడ లోపల ఏముందో అంతగా తెలియదు. అయినా చివర్లో మనవడు, తాత, నేల... నేను ఇక్కడ రాయను. బాగా ఏడ్చాను.

అట్టలేని పుస్తకం గారూ, పోటీ, సీరియల్ అని మీరు చెప్పిన కోణం నాకు కొత్త. ‘రాజశేఖర చరిత్రము’ని కూడా ఆ కోణంలో చూడాలనిపించింది. సొంత పత్రికలో, తను ఏ సంస్కరణల కోసం పోరాడుతున్నారో వాటి పక్కనే కథ నడిపారు వీరేశలింగం గారు. అక్కడ రచయిత కథ ఆపి మనతో నేరుగా మాట్లాడితే ఆ రోజు పాఠకులకి అది అడ్డుగా తోచి ఉండదు.

మార్జిన్ నోట్సు గారూ, మీతో మాత్రం ఇంకొంచెం వాదిస్తాను. కాలం జ్ఞాపకంలోకి మారిందన్న మాట ఒప్పుకుంటున్నాను, ‘అంపశయ్య’ మళ్లీ తెరిచి చూస్తే నిజమే. కానీ నా బెంగ అసలు దేని గురించో మీ మాట వల్లే నాకు స్పష్టమైంది. రవి ఊరు, రవి ఇల్లు, రవి స్నేహితులు, అందరూ రవి చూస్తేనే ఉంటారు. అతను కళ్లు మూసుకుంటే వాళ్లు లేరు. ‘కాలాతీత వ్యక్తులు’లో ప్రకాశం చూడని చోట కూడా ఇందిర బతుకుతుంది. కల్యాణి పక్కన ఎవరూ లేనప్పుడు కూడా ఆవిడ దుఃఖం ఆవిడకుంటుంది. ‘మాలపల్లి’లో రామదాసుకి తెలియని వెంకటదాసు ఉన్నాడు. అలా ఒకరి కళ్ల మీద ఆధారపడకుండా బతికే మనుషులున్న నవల నాకు కావాలి. అది ఒక రోజు కథైనా సరే, నూరేళ్ల కథైనా సరే. ఈ లెక్కన ‘అనుక్షణికం’ నాకు నచ్చాలి. చూడాలి.

‘అంటరాని వసంతం’ తెచ్చుకున్నాను. మీరు చెప్పిన మూడింటి వరస పూర్తి చేస్తాను. దాని తరవాత ‘శప్తభూమి’. ‘నిర్జన వారధి’కి నియమం సడలించేశాను. ఒక్క సందేహం: ‘అంటరాని వసంతం’ మొదటి పేజీల్లోనే చాలా పేర్లు వచ్చేస్తున్నాయి, ముందువెనకలుగా నడుస్తోంది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఎలా పట్టుకున్నారు?

---

మార్జిన్ నోట్సు

మీ వాదన బావుంది. రవి కళ్లు మూసుకుంటే వాళ్లు లేరన్న మాటకి నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు. మళ్లీ చదివి వస్తాను.

‘అంటరాని వసంతం’కి నేను చేసింది చెప్తాను. రూతుని, రూబేనుని మొదట పట్టుకోండి, వాళ్లిద్దరూ భార్యాభర్తలు. మిగతావాళ్లందరినీ వాళ్ల నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. ఎల్లన్న దగ్గరికి వచ్చాక పెద్దగా తడబాటు ఉండదు, అక్కణ్ణించి కథ అతని కాళ్లతో నడుస్తుంది. పాటలు వచ్చిన చోట వేగంగా దాటకండి. ‘రాజశేఖర చరిత్రము’ని పైకి చదివానన్నారు కదా, వీటినీ పైకే చదవండి. ఉరుముల (ఉరుము అనే వాద్యం) మోత, వీధినాటకం ఉన్న పేజీలు నాకు మౌనంగా చదివినప్పుడు సగమే అందాయి. ముందు ఒకసారి ఆగకుండా చివరిదాకా వెళ్లి, పేర్ల పటం రెండోసారి గీసుకోండి. మొదటిసారే గీస్తూ కూర్చుంటే ఎల్లన్న పాట వినబడదు.

---

వేకువ పాఠకురాలు

పేర్ల పటం నేను గీసిందొకటి ఉంది, ఫొటో తీసి సాయంత్రం ఇక్కడ పెడతాను. చివరి తరం పేర్లు దాచేసి పెడతాను, కథ ముందే తెలిసిపోకుండా.

వరూధిని మాట గురించి మీరన్నది నాకు బాగా పట్టింది. ఆవిడకి మాట ఇస్తూ ఎవరైనా మళ్లీ ఆ కథ రాస్తే చదవాలనుంది. ‘అనుక్షణికం’ ఎప్పుడు మొదలుపెడతారో చెప్పండి నీలిసిరా గారూ. నాదీ సగంలో ఆగింది, కలిసి చదువుదాం.